వెనక చక్రాలూ తిరిగే కారు: అదనపు డబ్బు పెట్టొచ్చా, దండగా?

మూడో మలుపు
కారు దాదాపు ఖాయమైంది. పెద్ద సెడాన్, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 3.2 మీటర్లు. ఇప్పుడు ఆప్షన్ల దగ్గర ఆగిపోయాను. వెనక చక్రాల స్టీరింగ్ (5 డిగ్రీల వరకు తిరుగుతుందట) తీసుకోవాలా, ఇంచుమించు అదే డబ్బుతో ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) తీసుకోవాలా? రెండూ తీసుకునే స్తోమత లేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ర్యాంప్ దిగగానే కుడికి తిరగాలి. ఇప్పుడున్న కారుతోనే రెండుసార్లు వెనక్కి తీసుకుంటే గానీ తిరగదు. కొత్తది ఇంకా పొడుగు. వాడినవాళ్లు చెప్పండి, బ్రోచర్‌లో రాసింది నేనూ చదివాను.

పాత బేరింగ్
వద్దు. చక్రాలు నాలుగూ తిరిగితే అరిగేవి కూడా నాలుగు వైపులా ఉంటాయి. ఈ సరుకు కొత్తదేం కాదు తమ్ముడూ. 1987లో హోండా ప్రెల్యూడ్‌లో వచ్చింది. అదే ఏడాది మాజ్డా కూడా తెచ్చింది. నిస్సాన్ వాళ్ల వెనక స్టీరింగ్, హైకాస్, అంతకంటే రెండేళ్లు ముందు. అంత గొప్పదైతే ఈపాటికి ప్రతి కారులోనూ ఉండాలిగా? అమెరికాలో జీఎంసీ పికప్‌లకు 2002లో క్వాడ్రాస్టీర్ అని పెట్టారు, వెనక చక్రాలు ఏకంగా 12 డిగ్రీలు తిరిగేవి. కొనేవాళ్లు లేక 2005లో ఆపేశారు. ఎయిర్ సస్పెన్షన్ కూడా ఏదో ఒకరోజు గాలి వదిలేదే అనుకో, కానీ కనీసం రోజూ ఒంటికి తెలుస్తుంది.

హైవే పిట్ట
పాత బేరింగ్ గారూ, క్వాడ్రాస్టీర్ ఆగిపోయింది ధర వల్ల. పనిచేయక కాదు. అంత పొడుగు బండి టర్నింగ్ సర్కిల్ ఐదో వంతు తగ్గింది. ట్రెయిలర్ లాగేవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

మూడో మలుపు గారూ, అందరూ పార్కింగ్ గురించే మాట్లాడతారు. నాకు నచ్చింది మాత్రం స్పీడులో. తక్కువ స్పీడులో వెనక చక్రాలు ముందు వాటికి ఎదురు తిరుగుతాయి, స్పీడు పెరిగాక అటే తిరుగుతాయి. 2013 పోర్షే 911 జీటీ3 తీసుకోండి: 50 కి.మీ. లోపు ఎదురు, 80 దాటాక ఒకే వైపు, మొత్తం తిరిగేది ఒకటిన్నర డిగ్రీలే. ఆ ఒకటిన్నర డిగ్రీలతోనే లేన్ మారేటప్పుడు తోక ఊగడం తగ్గుతుంది, కారు మొత్తం ఒక్క ముక్కగా పక్కకి జరిగినట్టు ఉంటుంది. ఒకసారి అలవాటైతే మామూలు కారులో వెనక భాగం ఆలస్యంగా వస్తున్నట్టు తెలిసిపోతుంది.

పాత బేరింగ్
జీటీ3 ట్రాక్ మీద తిరిగే బండి. ఈయన సెల్లార్‌లో తిరుగుతాడు. రెండింటికీ పోలికేంటి?

కొత్తగా చేరాను
నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తే బురదలో కూడా దిగబడదు కదండీ, తీసుకోండి. మా మామయ్య బండికి ఉంది, సూపర్.

హైవే పిట్ట
అది ఫోర్ వీల్ డ్రైవ్ అండీ, ఇది ఫోర్ వీల్ స్టీరింగ్. ఇది ఉన్నంత మాత్రాన బురదలోంచి బయటపడం :)

లెక్కల మాస్టారు
వాదన ఎలాగూ ఆగదు, లెక్క వేసి చూద్దాం. సూత్రం చిన్నదే. కారు మధ్య గీత నుంచి, అది ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో ఆ బిందువుకు ఉన్న దూరం = వీల్‌బేస్ ÷ (ముందు కోణం ట్యాన్ + వెనక కోణం ట్యాన్). ముందు చక్రాలు సగటున 35 డిగ్రీలు తిరుగుతాయనుకుందాం.

వీల్‌బేస్ 3.2 మీ. అయితే, వెనక స్టీరింగ్ లేకుండా ఈ దూరం 4.57 మీ. వెనక 5 డిగ్రీలు తిరిగితే 4.06, 10 డిగ్రీలు తిరిగితే 3.65. తిరిగే వలయం వ్యాసంలో చూస్తే 5 డిగ్రీలకు సుమారు మీటరు, 10 డిగ్రీలకు 1.8 మీటర్లు కలిసొస్తుంది. పొడవాటి మెర్సిడెస్ ఎస్ క్లాస్‌కి 10 డిగ్రీలతో దాదాపు 2 మీటర్లు తగ్గుతుందని కంపెనీ చెప్పేది ఇదే. గాలి కబురు కాదు.

అదే 2.5 మీ. వీల్‌బేస్ ఉన్న చిన్న కారుకి 5 డిగ్రీలు ఇస్తే 80 సెం.మీ. వస్తుంది. కానీ ఆ కారు ముందే చిన్న వలయంలో తిరిగేస్తోంది, కొత్తగా ఒరిగేది లేదు. ‘అంత గొప్పదైతే ప్రతి కారులో ఎందుకు లేదు’ అన్నదానికి సగం జవాబు ఇక్కడుంది.

పాత బేరింగ్
మాస్టారూ, మిగతా సగం నేను చెబుతాను. కాగితం మీద బేరింగులు అరగవు. పాత నిస్సాన్ స్కైలైన్ల వాళ్లని అడగండి. వెనక బాల్ జాయింట్లు వదులై తోక తనంతట తాను కదులుతుంటే, చాలామంది హైకాస్ పీకేసి దాని స్థానంలో వెనక చక్రాలు తిరగకుండా పట్టే లాక్ బార్ బిగించుకున్నారు. డబ్బిచ్చి కొన్న వస్తువుని మళ్లీ డబ్బిచ్చి మూసేయడం అంటే అదే.

నా సంగతీ చెబుతాను, బండి పేరు మాత్రం అడగొద్దు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, వెనక చక్రాలు తిరిగేది. ఏడాది బాగానే ఉంది. తర్వాత టైర్లు మార్చిన చోట అలైన్‌మెంట్ చేశారు, ముందు చక్రాలకి మాత్రమే. మర్నాటి నుంచి తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ ఎడమకి రవ్వంత వంచి పట్టుకుంటే గానీ కారు నేరుగా పోదు. వెనక చక్రాలు సున్నా దగ్గర లేవని ఎవరికీ తట్టలేదు. మూడు చోట్ల తిరిగాను. ముగ్గురూ ముందు టై రాడ్లే తిప్పారు. నాలుగో అతను స్కానర్ పెట్టి వెనక యాక్చుయేటర్‌ని (వెనక చక్రాలని తిప్పే భాగం) సున్నాకి తెచ్చి, ఆ తర్వాత నాలుగు చక్రాలూ సెట్ చేశాడు. ఇరవై నిమిషాల పని. అప్పటికి నా వెనక టైర్లు లోపలి అంచున దువ్వెన పళ్లలా అరిగిపోయాయి.

హైవే పిట్ట
అది అలైన్‌మెంట్ చేసినవాళ్ల తప్పు. సిస్టమ్ తప్పెలా అవుతుంది?

పాత బేరింగ్
టైర్లకి ఆ తేడా తెలియలేదు పాపం.

స్టీరింగ్ జీవి
ఉద్యోగం డ్రైవింగ్. పొడుగు కార్లే నడుపుతాను, వెనక స్టీరింగ్ ఉన్నవీ లేనివీ. ఇప్పటిదాకా ఎవరూ అనని మాటొకటి ఉంది: తోక.

గోడ పక్కన ఆనించి ఆపిన కారుని బయటికి తీయాలి. మామూలు కారులో స్టీరింగ్ మొత్తం కోసి ముందుకి కదిలితే వెనక మూల గోడ వైపు కొంచెమే వస్తుంది. అలవాటైన చేతికి అదెంతో తెలుసు. వెనక చక్రాలు ఎదురు తిరిగే కారులో ఆ మూల గోడ మీదికి బాగా తోసుకొస్తుంది. కళ్లు ముందు బంపర్ మీద ఉంటాయి, గీత వెనక పడుతుంది. మొదటివారం నాకూ పడింది, కుడి బంపర్ చివర, అరచెయ్యంత. అప్పటి నుంచి గోడ పక్కనుంటే మొదట అర మీటరు నేరుగా పోనిచ్చి, ఆ తర్వాతే స్టీరింగ్ తిప్పుతాను.

అలాగని వద్దనను. యూటర్న్ ఒక్క కట్‌లో అయిపోతుంది. ఇరుకు సందులోకి తిప్పేటప్పుడు వెనక లోపలి చక్రం అరుగు ఎక్కదు, ముందు చక్రం వెళ్లిన దారికి దగ్గరగా వెళ్తుంది. రోజుకి పదిసార్లు ఇరుకులో తిప్పేవాడికి భుజం నొప్పి తగ్గుతుంది. వారానికోసారి తిప్పేవాడికి మాత్రం అది షోరూమ్ ముచ్చట.

లెక్కల మాస్టారు
స్టీరింగ్ జీవి గారు చెప్పింది చదివి మళ్లీ కాగితం తీశాను. లాభమూ నష్టమూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. వెనక చక్రాలు ఎదురు తిరిగినప్పుడు, వెనక ఇరుసు ముందుకి జరిగినట్టు కారు ప్రవర్తిస్తుంది. 5 డిగ్రీలకు 36 సెం.మీ., 10 డిగ్రీలకు 64 సెం.మీ. అంటే 3.2 మీటర్ల కారు 2.85 మీటర్ల కారులా తిరుగుతుంది. బాగుంది. కానీ కారు పొడవు తగ్గలేదు కదా. ఇరుసు ముందుకి జరిగితే దాని వెనకున్న డిక్కీ అంత పొడుగు పెరిగినట్టే.

వెనక ఇరుసు నుంచి డిక్కీ చివరికి 1.1 మీ., కారు వెడల్పు 1.9 మీ. అనుకుని, ఆగి ఉన్నచోటే స్టీరింగ్ మొత్తం తిప్పి కదిలితే, వెనక మూల పక్కకి వచ్చేది ఇంత: వెనక స్టీరింగ్ లేకపోతే 11 సెం.మీ., 5 డిగ్రీలకు 21, 10 డిగ్రీలకు 32. మూడు రెట్లు! నేను ఊహించింది ఇందులో సగమే.

పాత బేరింగ్
మాస్టారికి దండం. ఇది కదా బ్రోచర్‌లో వేయాల్సిన బొమ్మ.

హైవే పిట్ట
సరే, తోక ఒప్పుకున్నాను. కానీ పాత కథలతో భయపెట్టడం మాత్రం బాగోలేదు. ప్రెల్యూడ్‌లో ముందు నుంచి వెనక్కి ఒక షాఫ్టు వేసి, గేర్లతో తిప్పారు. దానికి స్పీడు సంగతే తెలియదు. స్టీరింగ్ కొంచెం తిప్పితే వెనక చక్రాలు అటే, బాగా తిప్పితే ఎదురు, అంతే. ఇప్పుడున్నది మోటారు తిప్పే స్క్రూ. చాలా డిజైన్లలో ఆ స్క్రూ తనంతట తాను వెనక్కి తిరగదు. కరెంటు పోయినా చక్రం ఎక్కడున్నది అక్కడే నిలబడుతుంది, లైటు వెలుగుతుంది, నెమ్మదిగా ఇంటికి చేరతారు.

పాత బేరింగ్
చక్రం వంకరగా ఉన్నప్పుడు ఆగిపోతే ఎండ్రకాయలా పక్కకి నడుస్తూ చేరతారు. అదేమీ రోజూ జరగదులే, ఒప్పుకుంటాను. నా గొడవ వారంటీ అయిపోయాక సంగతి. మూడేళ్లకి మార్చేసేవాడు హాయిగా తీసుకోవచ్చు. పదేళ్లు ఉంచుకునేవాడు ఆ యాక్చుయేటర్ విడిగా దొరుకుతుందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఇంకో తమాషా. మెర్సిడెస్ ఈక్యూఎస్‌కి జర్మనీలో 10 డిగ్రీలు ఏడాది చందా మీద ఇచ్చారు. కట్టకపోతే అదే ఇనుము, అదే మోటారు 4.5 డిగ్రీల దగ్గర ఆగేది. మన కారు ఎంత తిరగాలో ఇంకెవరో నిర్ణయిస్తారు. దీనికేమంటావు పిట్టా?

హైవే పిట్ట
దీనికి మాత్రం నేనూ మీ పార్టీయే.

స్టీరింగ్ జీవి
మూడో మలుపు గారూ, ఇక్కడ ఎన్ని రాసినా మీ ర్యాంపే మీకు సమాధానం చెప్పాలి. టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ తిప్పి ఇచ్చేస్తారు, ఒప్పుకోకండి. మీ సెల్లార్‌కి తెచ్చి దింపండి. ఆప్షన్ ఉన్నదీ లేనిదీ రెండూ. ఇంట్లో ఇంకెవరైనా నడిపేట్టయితే వాళ్ల చేతికీ ఇవ్వండి. కొందరికి మొదటి రోజు తల తిరిగినట్టు ఉంటుంది.

మూడో మలుపు
వారం తర్వాత వచ్చాను. అడిగితే ఇచ్చారు, రెండూ మా సెల్లార్‌లో దింపాను. మా ఆవిడ ర్యాంప్ కింద నిలబడి లెక్కపెట్టింది.

ఆప్షన్ లేని కారు: దిగాక మూడుసార్లు వెనక్కి. మూడోసారి సెన్సర్లు ఆపకుండా కూస్తుంటే చెమటలు పట్టాయి. ఆప్షన్ ఉన్న కారు: ఒకసారి వెనక్కి తీస్తే చాలు, తిరిగిపోయింది. ఇప్పుడున్న నా పాత కారు కంటే నయం. ఆవిడ నడిపినప్పుడైతే వెనక్కి తీయకుండానే తిప్పేసింది. నేను స్టీరింగ్ ఆలస్యంగా తిప్పుతున్నానట.

బయటికి తీసేటప్పుడు మాత్రం స్టీరింగ్ జీవి గారు చెప్పినట్టే అయింది. మా స్లాట్‌కి ఎడమ పక్కన స్తంభం. కుడికి కోసి కదలగానే ఆవిడ ‘ఆగు ఆగు’ అని అరిచింది. దిగి చూస్తే వెనక మూలకీ స్తంభానికీ మధ్య నాలుగు వేళ్ల సందు. నేను అద్దంలో చూడనే లేదు.

హైవే మీద కూడా నడిపాను. పిట్ట గారు అన్న ‘ఒక్క ముక్క’ నాకు తెలిసినట్టే ఉంది, కానీ చెప్పకపోతే కనిపెట్టేవాణ్ణి కాదు. ఎయిర్ సస్పెన్షన్ మాత్రం మొదటి గతుకులోనే తెలిసింది. అది వదులుకోవడం బాధగానే ఉంది.

వెనక స్టీరింగ్‌కే రాశాను. అయిదేళ్లు ఉంచుకుంటాను, వారంటీ కూడా అయిదేళ్లకి పొడిగించుకున్నాను. ఇప్పుడు ఒకటే సందేహం: ఆ స్తంభానికి రబ్బరు పట్టీ కట్టిద్దామనుకుంటున్నాం, ఎంత మందం ఉండాలి?

పాత బేరింగ్
32 సెంటీమీటర్లు.

లెక్కల మాస్టారు
32 పది డిగ్రీలకి. ఆయనది అయిదు. 21 చాలు.