వార్డుకి వెళ్లాలంటేనే కడుపులో తిప్పుతోంది... నేనొక్కదాన్నేనా?

కొత్త ఏప్రాన్:
అందరికీ నమస్తే. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది చదువుతున్నా. ఇప్పుడు మేల్ మెడికల్ పోస్టింగ్. పొద్దున్నే కాలేజీ బస్సెక్కినప్పటి నుంచే అరచేతులు చెమటలు పడతాయి. మొన్న ఒక తాతకి బీపీ చూస్తున్నా. పై అంకె పట్టుకున్నా గానీ కింది అంకె దగ్గర చప్పుడు సరిగ్గా వినపడలేదు. "మళ్లీ చూస్తాను సిస్టర్" అన్నా. "ఇంటర్ ఎట్లా పాసయ్యావమ్మా నువ్వు?" అని వార్డంతా వినపడేలా అన్నారు ఇన్‌ఛార్జ్ సిస్టర్. పక్క మంచం ఆయన నవ్వాడు. నా ఫ్రెండేమో వినపడకపోతే 120/80 రాసేస్తుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు!

హాస్టల్‌కి వచ్చాక కేర్ ప్లాన్, కేస్ స్టడీ, డ్రగ్ ఫైల్. పడుకునేసరికి ఒంటిగంట. నాన్నకి చెబితే "ఫీజు కట్టేశాం కదమ్మా, ఓర్చుకో" అంటున్నాడు. కౌలు చేసి కట్టిన డబ్బు, ఆయన్నేమనను? మానేయాలనిపిస్తోంది.

సెలైన్ సీసా:
నువ్వొక్కదానివే కాదు చెల్లీ. మా హాస్టల్లో రెండో అంతస్తు చివరి బాత్‌రూమ్‌కి "కౌన్సెలింగ్ రూమ్" అని పేరు పెట్టుకున్నాం. లోపల కుళాయి తిప్పి ఉంటే ఎవరూ తలుపు కొట్టరు.

ఓరుగల్లు పిల్ల:
బీఎస్సీ నర్సింగ్ ఫైనలియర్. నాకు తిట్లకంటె మొదటి చావే ఎక్కువ గుర్తుంది. పొద్దుగాల నేను చెంచాతోని జావ తాపిన అవ్వ, మధ్యాహ్నానికి లేదు. గాజ్ గుడ్డ బ్యాండేజీతోని దవడ కట్టుడు, ముక్కుల దూది పెట్టుడు, కాలుకు పేరు చీటీ కట్టుడు అన్నీ చేయించిన్రు. అయిపోంగనే "ఏడో బెడ్ సెలైన్ అయిపోయింది, చూడు" అన్నరు. గంతే. ఆ రోజు టిఫిన్ డబ్బాల పులిహోర అట్లనే తిరిగొచ్చింది. రెండు రోజులకు మా ట్యూటర్ మేడం బట్టలు మార్చుకునే రూంల పక్కన కూసొని "ఆ అవ్వ గురించి చెప్పు" అన్నది. పది నిమిషాలు కూడ పట్టలే. గా పది నిమిషాలు లేకుంటె నేను ఇంటికి పోయేదాన్ని.

మేల్‌నర్స్ తమ్ముడు:
మాకు ఇంకో రకం బాధ. పేషెంట్లు కాంపౌండర్ అంటారు, చుట్టాలు "మగపిల్లాడివి, నర్సింగేంటిరా" అంటారు. అది వదిలేయండి, అలవాటైపోయింది. కొత్త ఏప్రాన్ అక్క రాసిన 120/80 చదివితే నా సంగతి గుర్తొచ్చింది. సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. తిడతారని చేతికి గ్లౌజు వేసుకుని సాయంత్రం దాకా దాచా. రాత్రి సీనియర్‌కి చెబితే మెడ పట్టుకుని క్యాజువాలిటీకి లాక్కెళ్లాడు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇక ఉపయోగం లేదు. 28 రోజులు మింగాలి. మింగాను, వాంతులతో సహా. టెస్టులన్నీ నెగెటివ్ వచ్చాయి. గుచ్చుకుంటే వేలు పిండకండి. కుళాయి నీళ్ల కింద సబ్బుతో కడిగి, వెంటనే చెప్పండి. తిట్టేవాళ్లు తిట్టనీ.

పాతకాలం సిస్టర్:
మా రోజుల్లో చెంపదెబ్బలు కూడా తిన్నాం. ఇప్పటి పిల్లలకి ఓపిక తక్కువ.

సెలైన్ సీసా:
@పాతకాలం సిస్టర్, మీరు తిన్నారని మేమూ తినాలా అమ్మా?

నైట్ ఇన్‌ఛార్జ్:
పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. తిట్టేవాళ్ల వైపు నుంచి రాస్తున్నా, తిట్టుకోండి. బోధనాసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మా వార్డులో రాత్రిపూట 40 మందికి ఒక్కదాన్ని. అలాంటప్పుడు స్టూడెంట్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలా కనపడదు, అదనంగా దొరికిన రెండు చేతుల్లా కనపడుతుంది. తప్పే. ఓసారి ఒక పిల్లని పేషెంట్ల ముందు అరిచాను. తను ట్రే కింద పెట్టి, చున్నీతో కళ్లు తుడుచుకుని మళ్లీ ట్రే ఎత్తుకుంది. సారీ చెబుదామనుకునేలోగా పోస్టింగ్ మారిపోయింది.

కొత్త ఏప్రాన్ తల్లీ, "వినపడలేదు" అని చెప్పిన పిల్ల చేతికి నేను ధైర్యంగా వార్డు అప్పగిస్తా. నాకు భయం మీ ఫ్రెండ్‌తోనే.

ఎర్రగడ్డ పోస్టింగ్:
సైకియాట్రీ పోస్టింగ్‌లో డిప్రెషన్ లక్షణాలు నోట్సు రాసుకుంటుంటే సగం నాకే ఉన్నాయి! రెండు వారాలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, ఇష్టమైన పాటలు పెట్టినా విసుగు. నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. 14416కి చేశా. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. ఫ్రీ, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతలి ఆవిడ మొదట అడిగింది "భోంచేశావా?" అని. తర్వాత ఓపీకి వెళ్లమన్నారు, వెళ్లా. మందులు వాడుతున్నా, డ్యూటీలూ చేస్తున్నా. చచ్చిపోవాలనిపించేదాకా ఆగకండి, నిద్ర పట్టడం మానేసినప్పుడే ఫోన్ చేయండి.

కొత్త ఏప్రాన్:
అందరివీ రెండుసార్లు చదివా. నిన్న మా ట్యూటర్‌ని అడిగి, బీపీ ఒక అరగంట ఆమె పక్కనుండగా చూశా. స్టెత్ చెవుల్లో తిరగేసి పెట్టుకుంటున్నానట!! ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు.

నాన్నకి మొత్తం చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. "ఆదివారం వస్తా, గోంగూర పచ్చడి తేనా?" అన్నాడు.

సోమవారం నుంచి నైట్లు. తెల్లవారుజామున మూడింటికి నిద్ర ఎలా ఆపుకుంటారో ఎవరైనా చెప్పండి. టీ తాగితే నాకు మంట.