28 వారాలతో ఇంగ్లండ్ వచ్చాను, ఇక్కడ స్కానూ లేదు, డాక్టరూ లేదు

అక్కలందరికీ నమస్తే. మూడు వారాల క్రితం కూకట్‌పల్లి నుంచి రెడింగ్ వచ్చాం. మావారికి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. నాకు తొలి కాన్పు, ఇప్పుడు 31 వారాలు. హైదరాబాద్‌లో ప్రతి నెలా డాక్టరమ్మ స్కాన్ చేసి, బిడ్డని స్క్రీన్ మీద చూపించి పంపేది. ఇక్కడ మిడ్‌వైఫ్‌ని, అంటే కాన్పులు చూసే ఆవిడని, కలవమన్నారు. ఆవిడ బీపీ చూసింది, యూరిన్‌లో ఒక పుల్ల ముంచింది, పొట్ట మీద టేపు పెట్టి కొలిచింది, "అంతా బాగుంది, 34 వారాలకి రండి" అంది. స్కాన్ ఎప్పుడని అడిగితే అవసరం లేదంది. అమ్మ రోజూ ఫోన్‌లో "స్కాన్ తీశారా, డేట్ ఇచ్చారా" అని అడుగుతోంది. అమ్మ వీసా ఇంకా రాలేదు. నన్ను సరిగ్గా పట్టించుకోవడం లేదేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ప్రైవేట్‌కి వెళ్ళాలా? కాస్త చెప్పండి.

స్లౌ నుంచి

చెల్లీ, నీ మెసేజ్ చదువుతుంటే తొమ్మిదేళ్ళ కిందటి నన్ను నేను చూసుకున్నట్టు ఉంది. నా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

నిన్ను పట్టించుకోకపోవడం ఏమీ లేదు. ఇక్కడి పద్ధతే అంత. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో, మామూలుగా ఇచ్చే స్కాన్లు రెండే, 12 వారాల దగ్గర ఒకటి, 20 వారాల దగ్గర ఒకటి. ఆ తర్వాత షుగరో, బీపీయో, బిడ్డ ఎదుగుదల మీద అనుమానమో ఉంటేనే మళ్ళీ తీస్తారు. ఆ టేపుని తక్కువ అంచనా వేయకు. ఈ నెలల్లో పొట్ట ఎత్తు సెంటీమీటర్లలో దాదాపు వారాల లెక్కకి దగ్గరగా ఉంటుంది. ప్రతిసారీ ఆ అంకెని చార్టులో గుర్తు పెడతారు. గీత పెరగాల్సినట్టు పెరగకపోతే వాళ్ళే స్కాన్‌కి పంపుతారు. తొలి కాన్పు కాబట్టి నీకు 34, 36, 38, 40 వారాలకి అపాయింట్‌మెంట్లు ఉంటాయి, అప్పటికీ కాన్పు కాకపోతే 41కి ఇంకొకటి. అన్నీ సవ్యంగా ఉంటే కాన్పు కూడా మిడ్‌వైఫే చేస్తుంది. డాక్టర్ అవసరం పడినప్పుడే వస్తారు.

డేట్ సంగతి. మన దగ్గర ఆపరేషన్‌కి ముహూర్తం చూసుకోవడం మామూలైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. మీ అమ్మగారు డేట్ అడగడంలో తప్పు లేదు, ఆవిడ చుట్టూ చూస్తున్నది అదే. ఇక్కడ కారణం లేకపోతే నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగుతారు. 41 వారాలు నిండినా రాకపోతే నొప్పులు తెప్పించడం గురించి మాట్లాడతారు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంటే 36 వారాలప్పుడు తెలుస్తుంది. అప్పుడు పొట్ట పైనుంచి చేత్తో నెమ్మదిగా తిప్పి చూస్తారు, కుదరకపోతే ఏం చేయాలో నీతో కూర్చుని మాట్లాడతారు.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది మాత్రం వేరే ఉంది. ఇండియాలో డాక్టరమ్మ మనల్ని పిలుస్తుంది. ఇక్కడ మనం పిలవాలి. రెండు అపాయింట్‌మెంట్ల మధ్య మూడు వారాలు నిన్ను ఎవరూ అడగరు, నువ్వు బాగానే ఉన్నావనుకుంటారు. ఏ చిన్న తేడా అనిపించినా ఆసుపత్రికి ఫోన్ చేస్తావన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా నడుస్తుంది. మన ఆడపిల్లలు ఆ ఒక్క పని చేయడానికే మొహమాటపడతారు.

నా సంగతే చెప్తాను. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు 35వ వారంలో అరచేతులు, అరికాళ్ళు దురద మొదలైంది. పగలు పెద్దగా తెలిసేది కాదు. రాత్రి పడుకోగానే మొదలు. దద్దురు లేదు, ఎర్రబడటం లేదు, పైకి ఏమీ కనపడదు. లేచి కూర్చుని దువ్వెనతో అరికాళ్ళు గీక్కునేదాన్ని. హీటర్ వేడికి చర్మం పొడిబారిందనుకున్నాను. అమ్మకి చెప్తే "వేడి చేసిందే, కొబ్బరి నూనె రాసుకో, మజ్జిగ తాగు" అంది. రెండు రాత్రులు అలాగే గడిపాను. మూడో రాత్రి మావారు నా కాళ్ళ మీద రక్తపు గీతలు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి డయల్ చేశారు. అవతల ఆవిడ రెండే ప్రశ్నలు అడిగింది, ఎక్కడ దురద, రాత్రి ఎక్కువవుతోందా అని. తెల్లారగానే రక్తపరీక్షకి రమ్మంది. లివర్‌లో పైత్యరసం సరిగ్గా పోక రక్తంలో చేరుతోందని తేలింది. ఆ రక్తపరీక్ష మళ్ళీ మళ్ళీ చేస్తూ చూసి, 38 వారాలు దాటాక నొప్పులు తెప్పించారు. వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు.

ఈ జబ్బు మనవాళ్ళలో ఎక్కువని అప్పుడే తెలిసింది. ఇక్కడ మొత్తం గర్భిణుల్లో నూటికి 0.7 మందికి వస్తే, భారత్, పాకిస్తాన్ మూలాలున్నవాళ్ళలో 1.2 నుంచి 1.5 మందికి వస్తుందట. దురదే కదా అని కొబ్బరి నూనె సీసా తీసుకోకు చెల్లీ. ఫోన్ తీసుకో.

ప్రైవేట్ స్కాన్ నీ మనశ్శాంతి కోసం అయితే చేయించుకో, తప్పులేదు. కానీ అందులో బాగుందన్నారని కదలికలు తగ్గినప్పుడు ఊరుకోకూడదు. ఆ స్కాన్ ఆ రోజు మాటే చెప్తుంది.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. కోరింత దగ్గు టీకా వేయించుకున్నావా? 16 వారాల నుంచి ఇస్తారు, 32 లోపు అయితే బిడ్డకి మంచిది. ఆర్‌ఎస్‌వీ అని పసిపిల్లల ఊపిరితిత్తులని పట్టే వైరస్ ఒకటుంది, దాని టీకా 28 వారాల నుంచి ఇస్తారు. అది 2024 సెప్టెంబర్ నుంచే మొదలైంది కాబట్టి మీ అమ్మగారికి, ఇక్కడి పాత అక్కలకి కూడా తెలియకపోవచ్చు. హైదరాబాద్‌లో ఏ ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో ఫైల్‌లో చూసి మిడ్‌వైఫ్‌కి చెప్పు. ఆ ఫైల్ మొత్తం చూపించు, బ్లడ్ గ్రూప్, షుగర్ టెస్ట్ రిపోర్ట్, స్కాన్లు అన్నీ. నీది నెగటివ్ గ్రూప్ అయితే యాంటీ-డీ ఇంజెక్షన్ సంగతి తప్పకుండా అడుగు, అది 28 వారాల దగ్గర ఇచ్చేది. షుగర్ టెస్ట్ అక్కడ చేయించుకోకపోతే ఆ మాటా చెప్పు. మనకి షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని ఇక్కడ ప్రత్యేకంగా చూస్తారు.

డబ్బు గురించి భయం వద్దు. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జ్ కట్టారు కదా, కాన్పుకి వేరే బిల్లు రాదు. మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ అడుగు, మందులు, ఎన్‌హెచ్‌ఎస్ పళ్ళ డాక్టర్ ఫ్రీ, బిడ్డకి ఏడాది వచ్చేదాకా.

లీడ్స్ నుంచి

నమస్తే అమ్మా. నేను నెల్లూరులో నర్సింగ్ చదివి, ఇక్కడ మెటర్నిటీలో పనిచేస్తున్నాను. పైన అక్క చెప్పిన ఫోన్ మాటకి నావైపు నుంచి కొంచెం కలుపుతాను, ఎందుకంటే ఆ ఫోన్లు ఎత్తేది మాలాంటి వాళ్ళమే. రాత్రి రెండింటికి చేసినా విసుక్కోం. ఏమీ లేదని తేలి ఇంటికి పంపితే మాకు సంతోషమే.

అన్నిటికంటే ముందు బిడ్డ కదలికలు. అన్నం తిన్నాక గంటలో ఇన్ని తన్నులు లెక్కపెట్టమని ఇండియాలో చెప్పి ఉంటారు. ఇక్కడ అంకె చెప్పరు. మీ బిడ్డకి ఒక అలవాటు ఉంటుంది, కొందరు పొద్దున, కొందరు మీరు పడుకోగానే. ఆ అలవాటు మారినా, తగ్గినా అప్పుడే ఫోన్ చేయాలి. నెలలు నిండితే జాగా చాలక కదలడం తగ్గుతుందని పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. కదిలే తీరు మారవచ్చు గానీ నొప్పులు వచ్చేదాకా, వచ్చాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. చల్లని నీళ్ళు తాగి, స్వీటు తిని, పొద్దున చూద్దాంలే అని ఆగవద్దు. ఆన్‌లైన్‌లో గుండె చప్పుడు వినిపించే చిన్న మెషీన్లు అమ్ముతారు, అవి కొనకండి. అందులో మీ గుండె చప్పుడో, మాయలో రక్తం పారే చప్పుడో విని బిడ్డ బాగుందనుకుంటారు. పడుకునేటప్పుడు వెల్లకిలా వద్దు, ఏదో ఒక పక్కకి తిరిగి పడుకోండి.

రెండోది, మన ఊళ్ళలో గుర్రపువాతం అంటారు చూడండి, ఫిట్స్. దానికి ముందు మెట్టు బీపీ, యూరిన్‌లో ప్రొటీన్. ఆ పుల్ల ముంచింది అందుకే. తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, వీటిలో ఏది వచ్చినా 34 వారాల అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. ఆ రోజే ఫోన్ చేయాలి. రక్తం కనపడినా అంతే.

నొప్పులొస్తే జీలకర్ర కషాయం తాగి చూడమని అమ్మమ్మలు చెప్తారు, దొంగ నొప్పులైతే సర్దుకుంటాయని. 37 వారాలు నిండక ముందు నొప్పులు పద్ధతిగా వస్తుంటే, లేదా ఉమ్మనీరు పోతే, ఆ కషాయం కాచేంత సేపు కూడా ఆగవద్దు. 37 దాటాక అయితే 5 నిమిషాలకోసారి వస్తూ, ఒక్కొక్కటి నిమిషం పాటు ఉంటే చేయండి. నీరు పోతే మాత్రం నొప్పులు ఉన్నా లేకపోయినా చేయండి, రంగు చూసి చెప్పండి. ఆకుపచ్చగానో, గోధుమ రంగుగానో ఉంటే వెంటనే బయలుదేరాలి.

మిల్టన్ కీన్స్ నుంచి

చెల్లెమ్మా, ఇది మీవారికి చదివి వినిపించండి. మా ఆవిడకి నొప్పులు మొదలైనప్పుడు ఫోన్ నేనే చేశాను. వివరంగా చెప్తుంటే అవతల మిడ్‌వైఫ్ "ఫోన్ ఆవిడకి ఇవ్వండి" అంది. నా ఇంగ్లీష్ బాగుంటుంది, నేనే చెప్తానన్నాను. మళ్ళీ అదే మాట. తర్వాత తెలిసింది, మాట్లాడుతూ మధ్యలో ఎక్కడ ఆగిపోతోంది, ఊపిరి ఎలా తీస్తోంది అని వింటారట. నేను చెప్పినదానికంటే ఆవిడ మౌనమే వాళ్ళకి ఎక్కువ చెప్పింది. వెంటనే రమ్మన్నారు.

అమ్మగారు విజిటర్ వీసా మీద వస్తే ఆవిడకి ఇక్కడి ఆసుపత్రి ఫ్రీ కాదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ చేయించే పంపమనండి. ఆవిడ రాక ఆలస్యమైనా కంగారుపడకండి, మీరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే మిడ్‌వైఫ్ మీ గుమ్మంలోకి వస్తుంది. అయిదో రోజు పరీక్షకి బిడ్డ మడమ నుంచి రక్తం తీస్తారు, చూసి భయపడకండి. పుట్టిన 42 రోజుల్లోపు ఇక్కడ బర్త్ రిజిస్టర్ చేయించాలి. మీరిద్దరూ ఇంకా వీసా మీదే ఉన్నారు కాబట్టి బిడ్డకి బ్రిటిష్ పౌరసత్వం రాదు. ఇండియన్ హై కమిషన్‌లో ఏడాది లోపు నమోదు చేయించి పాస్‌పోర్ట్ తీసుకోండి. కారు సీటు 36 వారాలకే కొని బిగించడం నేర్చుకోండి. నేను ఆసుపత్రి పార్కింగ్‌లో వర్షంలో నేర్చుకున్నాను, మా ఆవిడ కుట్లతో నిలబడి ఉంది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రెడింగ్ నుంచి, అడిగిన అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. మా అమ్మకి కూడా చదివి వినిపించాను. ఒకటి అడగాలి. నాకు ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది గానీ ఫోన్‌లో ఇక్కడివాళ్ళ యాస అర్థం కాదు. మావారు ఆఫీసులో ఉన్నప్పుడు ఏదైనా అయితే ఎలా మాట్లాడాలో తెలియడం లేదు.

స్లౌ నుంచి

అడిగి మంచి పని చేశావు. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగడం నీ హక్కు, పైసా అడగరు. తెలుగు మాట్లాడే మనిషిని ఫోన్‌లోనే కలుపుతారు. అపాయింట్‌మెంట్లకి కావాలంటే ముందే చెప్పు, రికార్డులో రాసుకుంటారు. మీవారు పక్కన ఉన్నా అడగొచ్చు, కొన్ని మాటలు భర్త నోటి ద్వారా చెప్పడం ఇబ్బందిగా ఉంటుంది.

నీ నోట్స్ మీదో, యాప్‌లోనో మెటర్నిటీ ట్రయాజ్ అని, మన మాట విని ఎంత అత్యవసరమో తేల్చేవాళ్ళది, ఒక నంబర్ ఉంటుంది, 24 గంటలూ పనిచేస్తుంది. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకో. ప్రాణం మీదికొస్తే 999. ఒక కాగితం తీసుకుని ఈ మాటలు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు. అవతల ఫోన్ ఎత్తగానే వీటిలో నీకు అవసరమైనవి చూసి చదువు, అవతల వాళ్ళు ఏమన్నా కంగారుపడకుండా చివరి వాక్యం మళ్ళీ చెప్పు:

"ఐ యామ్ థర్టీ వన్ వీక్స్ ప్రెగ్నెంట్, ఫస్ట్ బేబీ." వారం మారినప్పుడల్లా అంకె మార్చుకో.

"మై బేబీ ఈజ్ మూవింగ్ లెస్ దాన్ యూజువల్."

"మై హ్యాండ్స్ అండ్ ఫీట్ ఆర్ వెరీ ఇచీ ఎట్ నైట్."

"మై వాటర్స్ హ్యావ్ బ్రోకెన్."

"ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్."