పాత బుల్లెట్ 350: ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌కి ఏ జెట్లు సరిపోతాయి?

మా నాన్నగారి 1994 బుల్లెట్ 350 ఇది. కాస్ట్ ఐరన్ ఇంజను, 346 సీసీ, కార్బురేటర్ వీఎం24. పాత సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడటంతో ఈమధ్య ఫ్రీ ఫ్లో గోల్డీ (పొగ తేలిగ్గా బయటికి పోయే రకం సైలెన్సర్) వేయించాం. అప్పట్నుంచి పికప్ తగ్గింది, థ్రాటిల్ వదలగానే వెనక టపటపా పేలుతోంది. ప్లగ్ విప్పి చూస్తే లోపలి పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంది. ఇదివరకు బిస్కెట్ రంగులో ఉండేది. పెట్రోలు చాలక మిక్స్చర్ లీన్ అవుతున్నట్టుంది. ఇలాగే తిప్పితే పిస్టన్ పట్టేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

హెడ్డు దగ్గర బెండు పైపు లీకేమీ లేదు, చూశాను. పెట్రోలు ఇంకాస్త వెళ్లేలా కార్బురేటర్లో నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి మారిస్తే సగం థ్రాటిల్ దగ్గర కాస్త నయం, పేలడం మాత్రం ఆగలేదు. కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్లలో ముందు పైలట్ జెట్ (తక్కువ థ్రాటిల్‌కి) పెంచాలా, మెయిన్ జెట్టా (ఫుల్ థ్రాటిల్‌కి)?

మెకానిక్ అన్న ఏకంగా పెద్ద కార్బురేటర్ వీఎం28 వేసి, ఫిల్టర్ బాక్సు తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టుకోమంటున్నాడు. మాది కరీంనగర్ వైపు, గ్రానైట్ క్వారీల దుమ్ము. ఆ దుమ్ము సిలిండర్లోకి పోతే బోరు అరిగిపోతుంది, అందుకే బాక్సు తీయడం నాకిష్టం లేదు. ఫిల్టర్ కదపకుండా వీఎం24తోనే గోల్డీకి సెట్ చేసుకున్నవాళ్లుంటే ఏ సైజు జెట్లు వేశారో, మైలేజీ ఎంత తగ్గిందో దయచేసి చెప్పండి.