"తుది నలోకంబగు": హ్రస్వమా, దీర్ఘమా?

నిశాచరి: గెలాక్సీల గుంపుల్లో నక్కిన మసక గెలాక్సీల మీద వ్యాసం రాస్తున్నా. శీర్షిక కోసం గజేంద్రమోక్షం పద్యం తొలిచేస్తోంది. "తెగిన తుది నాలోకంబగు పెంజీకటి కవ్వల" అని నోట్లో నానుతోంది. ఆలోకమంటే వెలుగే కదా, నాకు భలే నప్పుతుంది. రాత్రి ఆకాశానికున్న సొంత మెరుపుకన్నా వీటి కాంతి తక్కువ. పాఠం ఇదేనా?

కందం పిచ్చి: హ్రస్వమే. ఆరో గణం "న తుది న". అక్కడ నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) పడాలి, ఏదైనా నాలుగు మాత్రలే. "నా" అంటే అయిదు మాత్రలు, కందం కుంటుతుంది.

పాతప్రతి: ఛందస్సు అక్షరాన్ని తేల్చింది, అర్థాన్ని కాదు. అలోకం అంటే లోకం లేనిదా, కానరానిదా? లోకాలూ లోకేశులూ లోకస్థులూ పోయాక మిగిలింది గనక లోకం లేనిదే అంటాను.

చుక్కలరాయి: లోక్ ధాతువుకి చూడటమే అర్థం కదండీ. కానరాని చీకటి!

నిశాచరి: ఈ మసక గెలాక్సీలు కానరానివేం కావు, చూసే తీరు కుదరలేదంతే. టెలిఫోటో లెన్సులు కొన్ని ఒకచోట బిగించి, లోపల చెదిరే కాంతిని బాగా తగ్గించి, 2015లో ఖగోళశాస్త్రజ్ఞుడు వాన్ డోక్కుమ్ బృందం కోమా అనే గెలాక్సీల గుంపులో ఇలాంటివి 47 పట్టింది. అదే ఏడు సుబారు టెలిస్కోపు పాత చిత్రాలు తిరగేస్తే 854 తేలాయి. కొన్ని పాలపుంతంత వెడల్పు, నక్షత్రాలు మాత్రం నూరో వంతో, ఇంకా తక్కువో.

చుక్కలరాయి: అయితే పెంజీకటి వదిలేసి "కలడు కలండనెడివాడు కలడో లేడో" పట్టుకోండి. అంత పలచటివి గుంపులో పడి చెదిరిపోలేదంటే కృష్ణపదార్థం, అంటే వెలుగివ్వని, ఆకర్షణతో మాత్రమే తెలిసే పదార్థం, కాపాడుతుండాలన్నారు. 2018లో ఆ బృందమే ఎన్‌జీసీ 1052-డీఎఫ్2 అనే మసక గెలాక్సీలో అది దాదాపు లేదంది. దూరం తప్పు లెక్కేశారు, దగ్గరిదైతే అది మామూలు గెలాక్సీయే అని ఇంకొందరు. కలదో లేదో!

నిశాచరి: డీఎఫ్2 కోమాలోది కాదండీ, ఆ గుంపు వాదన దానికి అతకదు.

పాతప్రతి: పైగా "కలడో లేడో" సందేహం కాదు, నిష్ఠూరం. చనువున్నవాడే అలా అడగగలడు. పోతనగారి ఏనుగుకి ఉన్నంత చనువు మన భక్తకవుల్లో చాలామందికి లేదు.

చుక్కలరాయి: సరే, "లావొక్కింతయు లేదు". లావంటే అక్కడ బలం. ఒళ్లు పెద్దది, లావు లేదు. ఇంతకన్నా ఏం కావాలి?

నిశాచరి: లేదని తేల్చేయలేం. డ్రాగన్‌ఫ్లై 44 అనే ఇంకో మసక గెలాక్సీ బరువు పాలపుంతంత అని 2016లో అన్నారు, 2019లో కొత్త కొలతలతో తగ్గించారు. "ఒక్కింతయు" మరీ ఎక్కువ.

కందం పిచ్చి: ఏది పెట్టినా "లా వొక్కింతయు" అని విరిచి మాత్రం అచ్చేయకండి. లావు, ఒక్కింతయు. ఆ వకారం లావుది.

పాతప్రతి: ఒక్కింతయుది కాదని ఎలా చెబుతారు? పల్లెల్లో "వొక్కటి" అనరూ?

కందం పిచ్చి: అంటారు. సంధి వేరు, పలుకుబడి వేరు.