సమస్య: “రంగు లేని గుడ్డ రాజ్యమేలె”

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. విషయం జాతీయ పతాకాల రంగులు, చిహ్నాలు. ఏ దేశపు జెండా అయినా సరే. “రంగు లేని” అన్న మాటకు సమర్థన ఉండాలి, దేశభక్తి ఒక్కటే చాలదు.

తెలిమబ్బు:
క్రింద పైర్ల పచ్చ, కేసరమ్మది మీద,
నడుమ వెలుగు పంచునట్టి తెలుపు,
తెలుపు నీడలోనె దేశమ్ము నిలిచెను,
రంగు లేని గుడ్డ రాజ్యమేలె.

నిర్వాహకుడు:
అమ్మా, ధార హాయిగా ఉంది. గణాలు, యతులు సరిపోయాయి. 1947లో రాజ్యాంగ సభలో రాధాకృష్ణన్ గారు కాషాయాన్ని త్యాగానికి, తెలుపును వెలుగుకు, పచ్చను నేలతో మనకున్న బంధానికి గుర్తుగా చెప్పారు. మీ రెండో పాదం ఆ దారిలోనే నడిచింది. కానీ తెలుపు అని మీరే రెండుసార్లు అని, మళ్లీ రంగు లేదంటే ఎలా? సమస్య విడలేదు.

పడవసరంగు:
ఫ్రాన్సు దేశమందు రాజు మరల వచ్చి
మూడు రంగులపుడు మూల వైచె,
తెల్లవలువ నెత్తె కోటపై ఘనముగా,
రంగు లేని గుడ్డ రాజ్యమేలె.

నిర్వాహకుడు:
మంచి ఊహ! ఫ్రాన్సును ఏలిన బూర్బన్ వంశపు రాజుల తెల్లజెండా నిజంగానే 1815 నుంచి 1830 దాకా ఏలింది. ఆ ఏటి జూలై విప్లవంతో మూడు రంగులూ తిరిగొచ్చాయి. అంతటితో అయిపోలేదు. 1873లో ఆ వంశపు వారసుడు షాంబోర్ ప్రభువుకు సింహాసనం చేతికందేంత దూరంలో ఉంది. తెల్లజెండా తప్ప మరొకటి ఒప్పుకోనని పట్టుబట్టి రాజు కాకుండా పోయాడు. ఒక గుడ్డ కోసం కిరీటం వదులుకున్న మనిషి! ఆయన మీదా ఒక పద్యం రాయండి. మూడో పాదంలో యతి తప్పింది. “తెల్లవలువ నెత్తె దిటవుగాఁ గోటపై” అంటే సరిపోతుంది.

కొత్తపాళీ:
మూడు వన్నెలందు మూడు మతములంచు
వాడ వాడ నెవరొ పలుకుచుండ
సభకుఁ దెలిపె నెహ్రు జాతిజెండ మతపు
రంగు లేని గుడ్డ, రాజ్యమేలె.

నిర్వాహకుడు:
“మతపు” అని పై పాదం చివర చేర్చడం చక్కని ఉపాయం. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి చూపిన జెండాలో ఎరుపు, పచ్చ మతాలకు గుర్తులే. 1931లో కాంగ్రెసు ఆ అర్థాలను వదిలేసింది. 1947 జూలై 22న నెహ్రూ చెప్పిందీ అదే. అయితే “గుడ్డ” తరువాత “అని” లేకపోవడంతో అన్వయం తెగింది, “రాజ్యమేలె” ఒంటరిదైంది.

నీలిసిరా:
తెలుపు వెండి యంచుఁ దెలిపె డాలుల విద్య,
లోహ మగుట వన్నెలోన రాదు,
కావి పచ్చ నడుమ గట్టుగా నిలిచిన
రంగు లేని గుడ్డ రాజ్యమేలె.

నిర్వాహకుడు:
నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇదే. మీరన్న “డాలుల విద్య”, అంటే డాళ్ల మీద వేసే ఐరోపా వంశచిహ్నాల శాస్త్రంలో పసుపు బంగారం, తెలుపు వెండి. రెండూ లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, పచ్చ, ఊదా మాత్రమే రంగులు. రంగు మీద రంగు, లోహం మీద లోహం వేయకూడదని నియమం, దూరం నుంచి డాలు గుర్తుపట్టాలి కదా! తెలుపు రంగు కాదన్నదానికి ఇంతకన్నా గట్టి ఆధారం ఏం కావాలి?

పడవసరంగు:
గురువుగారూ, అల్బేనియా జెండాలో ఎర్రటి నేల మీద నల్లటి రెండు తలల గద్ద ఉంది. రంగు మీద రంగే. వాటికన్ జెండాలో పసుపు, తెలుపు రెండు లోహాలూ పక్కపక్కనే ఉన్నాయి. నియమం నిలిచేనా?

నిర్వాహకుడు:
పక్కపక్కన ఉండొచ్చు, ఒకదాని మీద ఒకటి వేయడానికే అభ్యంతరం. కాబట్టి వాటికన్ పసుపు, తెలుపు పట్టీలతో చిక్కులేదు. అల్బేనియా గద్ద మాత్రం నిజమైన మినహాయింపు. మన జెండాను ఈ శాస్త్రం చూసి కూర్చారని నేను అనను, పద్యమూ అనలేదు. కానీ నీలి చక్రాన్ని పచ్చ మీద వేసి చూడండి, 24 ఆకుల్లో ఎన్ని కంటికి ఆనతాయో! సారనాథ్ స్తంభం నుంచి వచ్చిన ఆ చక్రం మీద ఇంతవరకు ఒక్క పూరణా రాలేదు. ఆదివారం దాకా గడువుంది, పంపండి.