నెప్ట్యూన్ అసలు ఏ రంగు? గ్రహాల ప్రాజెక్టుకి సరైన ఫోటోలు, వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న

మా పాప ఏడో తరగతి. సైన్స్ ప్రాజెక్టుకి ఎనిమిది గ్రహాల చార్టు చేస్తోంది. ఫోటోలు దొరక్క కాదు, మరీ ఎక్కువ దొరికి టెన్షన్ పడుతున్నాం. నెప్ట్యూన్ ఒక ఫోటోలో ముదురు నీలం, ఇంకోదాంట్లో లేత ఆకుపచ్చ కలిసిన నీలం. "అమ్మా, ఇందులో ఏది అబద్ధం?" అని అడిగింది. నాకు తెలియలేదు. శని చంద్రులు ఒకచోట 82, ఒకచోట 146, మరోచోట 274. గురుడి సైజు ఒకచోట దాదాపు 70 వేల కిలోమీటర్లు, ఇంకోచోట లక్షా 40 వేలు. ఏదో ఒకటి అంటించి పంపడం నాకు ఇష్టం లేదు. తను రాసే అంకె తనకి అర్థం కావాలి.

జవాబు 1

గురుడి అంకెలు రెండూ సరైనవే. 69,911 వ్యాసార్థం, దానికి రెట్టింపు వ్యాసం. అన్ని గ్రహాలకీ ఒకటే కొలత తీసుకోండి. శని చంద్రుల లెక్క మాత్రం పెరుగుతూ వచ్చింది. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి చేరి 274 అయ్యాయి. పక్కన "2025 మార్చి నాటికి" అని రాయమనండి. వివరాలకి నాసా సైన్స్ సైట్‌లో సౌర కుటుంబం పేజీలు చాలు.

జవాబు 2

పాప చాలా మంచి ప్రశ్న అడిగింది. నేను ఏళ్ల తరబడి గ్రహాల ఫోటోలు సేకరిస్తున్నాను, ఈ ప్రశ్న దగ్గర నేనూ చాలాకాలం ఆగిపోయాను.

నెప్ట్యూన్ దగ్గరికి ఇప్పటిదాకా వెళ్లింది నాసా నౌక వాయేజర్ 2 ఒక్కటే, 1989 ఆగస్టులో. మేఘాలు, మచ్చలు బాగా కనపడాలని ఆ ఫోటోల్లో కాంట్రాస్ట్ పెంచారు. ముదురు నీలం అలా వచ్చింది. ఆ సంగతి అప్పుడే ఫోటోల కింద రాశారు కూడా. తర్వాత ఫోటో మిగిలింది, కింది మాట పోయింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఆ రంగుల్ని మళ్లీ సరిచేసి చూస్తే, నెప్ట్యూన్ దాదాపు యురేనస్ లాగే లేత ఆకుపచ్చ నీలంగా తేలింది.

శుక్రుడి దగ్గర ఇంకా జాగ్రత్త. అందరూ అంటించే ఆ నారింజ గోళం, మెగలాన్ నౌక 1990 తర్వాత రాడార్‌తో గీసిన పటం. రంగు తర్వాత అద్దారు. మేఘాలతో కప్పి ఉన్న శుక్రుడు కంటికి లేత పసుపు కలిసిన తెలుపే.

నాసా ఇమేజ్ లైబ్రరీలో గ్రహం పేరుతో పాటు నౌక పేరు కూడా ఇంగ్లీషులో కొట్టండి. శనికి కాసిని, బుధుడికి మెసెంజర్, గురుడికి జూనో. కింద వివరణలో ఎన్‌హాన్స్‌డ్ కలర్ (రంగు పెంచినది), ఫాల్స్ కలర్ (రంగు అద్దినది) అని ఉందేమో చదవండి. స్కూలు పనికి ఆ ఫోటోలు వాడుకోవచ్చు, నాసాకి క్రెడిట్ రాస్తే చాలు.

జవాబు 3

సెర్చ్‌లో కనపడే చిన్న బొమ్మని సేవ్ చేయకండి, ప్రింట్‌లో మసకబారుతుంది. ఆరంగుళాల ఫోటోకి 1800 పిక్సెల్స్ వెడల్పు ఉంటే శుభ్రంగా వస్తుంది.

అడిగినవారు

చాలా థాంక్సండీ. పాప రెండు నెప్ట్యూన్‌లూ పక్కపక్కనే పెట్టి, ప్రతి ఫోటో కింద నౌక పేరు, సంవత్సరం రాస్తోంది. ఇప్పుడు అంగారకుడి మీద నీలంగా ఉన్న సూర్యాస్తమయం దొరికింది. ఇదీ రంగు అద్దిందేనా?

జవాబు 2

కాదండీ, అది నిజంగానే నీలం. 2015 ఏప్రిల్‌లో అంగారకుడి మీద తిరిగే నాసా రోవర్ క్యూరియాసిటీ తీసిందైతే ధైర్యంగా పెట్టండి. అక్కడి గాలిలోని సన్నటి ధూళి మిగతా రంగుల కంటే నీలి వెలుగుని సూర్యుడి దిక్కునే ఎక్కువగా నిలుపుతుంది. అందుకే సూర్యుడి చుట్టూ నీలం, దూరంగా ఆకాశం పసుపు, నారింజ.