చేకా నుంచి స్టాలిన్ కాలం దాకా: లెనిన్ బాధ్యతను ఎలా అంచనా వేయాలి?

సోవియట్ రాజ్యహింసకు పునాది వేసింది స్టాలిన్ కాదు, లెనినే అన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో ఆ చరిత్రను లోతుగా చదివినవారు వివరించగలరా? అంతర్యుద్ధం వల్లే కఠిన చర్యలు తప్పలేదన్న సమాధానం తరచుగా వినిపిస్తుంది. కానీ బోల్షివిక్ ప్రభుత్వపు రహస్య పోలీసు సంస్థ చేకా ఏర్పడింది 1917 డిసెంబరులో, అంటే ఆ యుద్ధం పూర్తిగా రాజుకోకముందే.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది 1918 ఆగస్టు 11న లెనిన్ రష్యాలోని పెంజా ప్రాంతపు బోల్షివిక్కులకు, అంటే తన పార్టీవారికి, పంపిన ఆదేశం. కనీసం 100 మంది కులక్కులను (ధనిక రైతులను) జనమంతా చూసేలా ఉరితీయాలని, వాళ్ల పేర్లు ప్రకటించాలని, ధాన్యమంతా స్వాధీనం చేసుకోవాలని, బందీలను గుర్తించాలని అందులో వరుసగా రాశాడు. ఆయనపై కాల్పులు జరిగింది ఆ తర్వాత, ఆగస్టు 30న. శత్రువులుగా భావించినవారిని మూకుమ్మడిగా అణచివేయడానికి అనుమతించిన ఎర్ర బీభత్సం డిక్రీ వెలువడింది సెప్టెంబరు 5న. యుద్ధం దాదాపు ముగిసిన 1922 మే నెలలో కూడా, న్యాయశాఖ చూస్తున్న కుర్‌స్కీకి రాస్తూ, కోర్టులు బీభత్సాన్ని తొలగించకూడదని, దానికి చట్టబద్ధమైన ఆధారం కల్పించాలని కోరాడు.

అయితే స్టాలిన్‌ను ప్రధాన కార్యదర్శి పదవి నుంచి తప్పించమని 1923 జనవరిలో సూచించింది కూడా ఆయనే. 1937-38లో పాత బోల్షివిక్కులనే కాల్చి చంపిన స్థితి లెనిన్ హయాంలో లేదు. అందువల్ల రెండు కాలాలూ ఒకటేనని నేను అనుకోవడం లేదు.

నా సందేహం ప్రధానంగా సంస్థల గురించి: న్యాయవిచారణ లేకుండా శిక్షించే అధికారం చేకా నుంచి దాని స్థానంలో వచ్చిన జీపీయూకు, ఆపై స్టాలిన్ కాలపు ఎన్‌కేవీడీకి ఎలా సంక్రమించింది? పార్టీలోపల దాన్ని అడ్డుకోవడానికి ప్రయత్నించినవారు ఎవరు, వారెందుకు ఓడిపోయారు? తేదీలతో, పత్రాల ఆధారంగా చెప్పగలిగితే కృతజ్ఞుణ్ణి.